మేరీవిల్‌లో అద్దెకు దిగే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ

ఆగస్టు వస్తే చాలు, కాన్సాస్ సిటీకి ఉత్తరాన సుమారు 90 మైళ్ళ దూరంలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఈ ఊళ్ళో మన పిల్లలు సూట్‌కేసులు దించుతారు. నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్ యూనివర్సిటీ లేకపోతే ఈ పేరు మనవాళ్ళు వినేవారే కాదు. దిగిన వారానికే, మేం ఏ గోతిలో పడ్డామో అందులోనే పడతారు.

సరుకులకి ఇబ్బంది లేదు; వాల్‌మార్ట్, హై-వీ ఊళ్ళోనే ఉన్నాయి. గోంగూర కావాలంటే కారున్న సీనియర్‌ని మంచి చేసుకోండి. చలికాలం సెలవులకి ఊరెళ్తూ హీటర్ కట్టేయకండి, పైపులు గడ్డకట్టి పగులుతాయి.

ఇక లీజు. ఇది అమీర్‌పేట హాస్టల్ కాదు, నెలాఖరుకి మంచం ఖాళీ చేసి పోవడానికి. నలుగురూ ఒకే కాగితం మీద సంతకం పెట్టారా, అందులో ‘జాయింట్‌లీ అండ్ సెవరల్లీ’ అని ఉందేమో చూడండి. చాలావాటిలో ఉంటుంది. ఉంటే, ఒకడు ఎగ్గొట్టిన అద్దె కూడా మిగతావాళ్ళే కట్టాలి.

మేం చదవలేదు. డిసెంబరులో సెమిస్టర్ అవగానే ఒకడు డాలస్ వైపు ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నాడు, ఇంకొకడు వాళ్ళన్న దగ్గరికి పోయాడు. లీజు జులై దాకా ఉంది. ఓనరమ్మ కసిరిందీ లేదు, కేకలేసిందీ లేదు. కాగితం చూపించి మిగిలిన ఇద్దరినీ నలుగురి అద్దె అడిగింది. డాలస్ వాడికి ఫోన్ చేస్తే, “సబ్‌లీజుకి ఎవడినైనా చూడు మామా” అన్నాడు. జనవరి మంచులో ఎవడొస్తాడు? వచ్చినా ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే కుదరదు. ఇంటికి ఫోన్ చేసి “తిన్నానమ్మా, అంతా బాగుంది” అనడం, పెట్టేశాక మళ్ళీ లెక్క వేసుకోవడం. ఈ ఊళ్ళో రాత్రి తొమ్మిదికే అలికిడి ఉండదు. ఇంటి దగ్గర మా వీధిలో అయితే ఆ వేళకి టీవీ సీరియళ్ళూ, పక్కింటి కుక్కర్ కూతలూ, ఎవరింట్లోనో గొడవా. అప్పట్లో విసుక్కునేవాణ్ణి.

మళ్ళీ చెబుతున్నా, చదివి సంతకం పెట్టండి. “సీనియర్ పెట్టేయమన్నాడన్నా” అంటారు. ఆ సీనియర్ మీ అద్దె కడతాడా? ఎవరి గదికి వారికి విడిగా లీజు ఇస్తారేమో అడగండి. ఇవ్వకపోతే మధ్యలో వెళ్ళేవాడు ఏం చేయాలో మీలో మీరు ముందే రాసుకోండి. స్నేహం చెడుతుందని మొహమాటపడ్డారా, ఏప్రిల్‌కల్లా ఎటూ చెడుతుంది.

అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించకూడదని మిస్సోరి చట్టం. చివరి నెల అద్దె అందులో పట్టుకోమనడం ఇక్కడ చెల్లదు. లీజు ముగిశాక 30 రోజుల్లోగా డబ్బు తిరిగి ఇవ్వాలి, పట్టుకుంటే దేనికి ఎంతో పద్దు రాసి పంపాలి. అది ఓనర్‌కి తెలిసిన మీ చివరి అడ్రసుకి వస్తుంది. కాబట్టి తాళాలు అప్పగించే రోజునే కొత్త అడ్రసు రాసిచ్చి, ఆ కాగితాన్ని ఫొటో తీసి ఉంచుకోండి.