విమాన మెకానిక్కు వృత్తి - ప్రవేశ మార్గము

పెనుకొండలో రైలెక్కు మన యువకులకు బెంగుళూరు కొత్త కాదు. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానపు తోడ్పాటుతో అచ్చట నెలకొల్పిన విమాన కర్మాగారమే నేటి హెచ్.ఎ.ఎల్. 2008లో దేవనహళ్ళి విమానాశ్రయము ప్రారంభమైన పిదప విమానములు మనకు మరింత చేరువైనవి.

అయినను ఈ వృత్తిలో ప్రవేశించు మార్గమును మనలో పలువురు పొరపాటుగా గ్రహించుచున్నారు. శిక్షణాలయమిచ్చు సర్టిఫికెట్టు వేరు, డి.జి.సి.ఎ. వారిచ్చు లైసెన్సు వేరు. మరమ్మతులో ఎందరి చేతులున్నను, అధికారము గల ఇంజనీరు సంతకము చేయనిదే విమానము ఎగురరాదు. ఆ సంతకమునకు వందలాది ప్రాణములు పూచీ. ఇంజను, విమానపు కట్టడము చూచువారిది బి1 తరగతి. రేడియో, నావిగేషన్ వంటి పరికరములు చూచువారిది బి2. ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదివినవారు శిక్షణలో చేరవచ్చును. లైసెన్సునకు మాత్రము పరీక్షలతోపాటు పనిలో అనుభవమును చూపవలెను.

కనుక తల్లి నగలు తాకట్టు పెట్టి ఫీజు కట్టుటకు ముందు, ఆ శిక్షణాలయమునకు డి.జి.సి.ఎ. ఆమోదమున్నదా అని విచారింతము.

ఉర్దూ, తెలుగు మాధ్యమములలో చదివినవారికి ఆంగ్లమన్న జంకు సహజమే. కాని మరమ్మతు గ్రంథములలో అధిక భాగము పరిమిత పదములతో, పొట్టి వాక్యములతో వ్రాయబడును. సాహిత్యపు ఆంగ్లము కన్న అది సులభము. ఐ.టి.ఐ. ఫిట్టర్లకు హెచ్.ఎ.ఎల్.లో అప్రెంటిస్ మార్గమును కలదు.