ఉద్యోగము మారునప్పుడు మన మనస్సు ఎట్లుండవలెను?



ఈ పాఠము వ్రాయునప్పుడు హూడి చుట్టుపట్లనున్న మన కుటుంబములు మా కన్నులయెదుట నున్నవి. కృష్ణరాజపురమునకును వైట్‌ఫీల్డ్‌కును నడుమనున్న ఈ ఊరు ఒకప్పుడు చిన్న పల్లె. నేడు రైలు హాల్టు ఉన్నది, 2023లో మెట్రో కూడ వచ్చినది. వీధి వీధికి పి.జి. హాస్టలు, మెస్సు, అపార్ట్‌మెంటు. నెల్లూరు, ఒంగోలు, కర్నూలు, పాలమూరు ప్రాంతములనుండి వచ్చినవారు ఒకే వీధిలో కనబడుదురు. కట్టడపు పనివారు కొందరు, కంప్యూటరు ఉద్యోగులు కొందరు, కారు నడుపువారు కొందరు. వీరందరిని కలుపు సంగతి ఒకటున్నది: చేయుచున్న పని రేపు ఉండునో లేదో ఎవరికిని తెలియదు.

మన తండ్రుల కాలములో బెంగుళూరు ఇట్లు లేదు. కృష్ణరాజపురము ప్రక్కనే దూరవాణి నగరులో 1948లో స్థాపించిన ఐ.టి.ఐ. టెలిఫోను కర్మాగారము, ఆవల హెచ్.ఎం.టి., హెచ్.ఏ.ఎల్., బి.ఇ.ఎల్. ఒకసారి చేరినవాడు రిటైరగువరకు అందులోనే యుండెను. క్వార్టర్సు, క్యాంటీను, బస్సు అన్నియు కంపెనీవే. పిల్లను ఇచ్చువారు కూడ కంపెనీ పేరు అడిగిరే గాని జీతము అడుగలేదు. అటువంటి హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసివేయుటకు 2016లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది. కోలారు బంగారు గనులు 1880 ప్రాంతమునుండి నూట ఇరువది ఏండ్లు నడచి, 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. ఆ గనులలో మూడు తరములుగా పనిచేసిన తమిళ, తెలుగు కుటుంబములు ఎన్నో. గని మరల తెరవబడునని ఏండ్ల తరబడి ఎదురుచూచినవారున్నారు. తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు వచ్చి పనిచేసి రాత్రికి ఇల్లు చేరువారు నేటికిని ఉన్నారు. ఆ రైళ్ళు మన హూడి మీదుగానే పోవును. వారిని చూచినప్పుడు మనము నేర్చుకొనవలసిన మొదటి సంగతి, ఎంత పెద్ద సంస్థయైనను మన ఆయుష్షు పొడవున ఉండునని మాట ఇచ్చినది కాదు.

అయితే ఉద్యోగము వేరు, పని వేరు. ఉద్యోగము యజమానిది, అతడు ఇచ్చును, తీసికొనును. పని మన చేతిలోనిది. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో అకుల, ప్రిస్కిల్ల అను దంపతులను చూడుడి. చక్రవర్తియైన క్లౌదియ ఆజ్ఞచేత యూదులు రోమా విడువవలసి వచ్చెను. ఆ దంపతులు కొరింథు చేరిరి. ఊరు పోయినది, ఇల్లు పోయినది, గిరాకీ పోయినది. డేరాలు కుట్టు నేర్పు మాత్రము వారితోనే వచ్చినది. క్రొత్త ఊరిలో మరల పని పెట్టుకొనిరి. అంతేకాదు, అదే వృత్తి తెలిసిన పౌలు వచ్చినప్పుడు అతనికి తమ యింటిలో చోటిచ్చి తమతో పనిచేయనిచ్చిరి. తామే నిన్న మొన్న వచ్చినవారై యుండి మరియొకనికి పని చూపిరి. ఈ రెండవ సంగతి మనము సాధారణముగా చదివి దాటిపోవుదుము. హూడిలో పదేండ్లుగా స్థిరపడిన మనకు ఈ మాట ఎక్కువగా తగులవలెను.

మన సంఘముల చరిత్రలోనే మరియొక దృష్టాంతమున్నది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిరని మన సండేస్కూలు పిల్లలు కూడ చెప్పుదురు. దానికి ముందు జరిగిన మట్టిపని సంగతి అంతగా చెప్పుకొనము. 1876-78 కరువులో జనులు ఆకలితో చచ్చుచుండగా ఒంగోలులోని క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టు తీసికొనిరి. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో సర్వే పని నేర్చి, చేసినవారు. ఎన్నడో నేర్చిన విద్య చాల ఏండ్ల తరువాత వేరొక దేశములో అక్కరకు వచ్చినది. పనికి వచ్చినవారిలో అనేకులు తోలుపని చేసినవారు. చెప్పులు కుట్టి, మోట బొక్కెనలు కట్టి బ్రతికిన చేతులు పార, గంప పట్టినవి. ఇది మా కులవృత్తి కాదని వారు కూర్చుండియుంటే ఆ కరువు దాటియుండరు. పని కొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండునట్లు ఆ కాలములో ఏడాదికి పైగా బాప్తిస్మములు ఆపివేసిరి. కూలి కూలిగానే, విశ్వాసము విశ్వాసముగానే యుండెను. సంఘములో ఉద్యోగ సహాయము చేయువారందరు ఈ వివేకమును గుర్తుంచుకొనుట మంచిది.

ఇక నేటి సంగతికి వచ్చెదము. ఉద్యోగము పోయిన సహోదరుడు మొదట చేయునది ఏమి? ఆదివారము రాకుండుట. వచ్చినను వెనుక బెంచీలో కూర్చుండి చివరి ప్రార్థన ముగియకముందే వెళ్ళిపోవును. ఎందుకనగా బయట టీ దగ్గర, "ఇంకా దొరకలేదా బ్రదర్?" అను ప్రశ్న కాచుకొనియుండును. మన తెలుగువారికి ఆ ప్రశ్న అడుగనిదే టీ దిగదు. అడుగువారికి ప్రేమయే, కాదనము. కాని పదిమంది అడిగిన తరువాత అది వినువానికి దెబ్బవలె నుండును. "మీరు ఏ పని బాగుగా చేయగలరు? ఎవరితో మాట్లాడమందురు?" అని అడిగినచో అదే ప్రేమ పనికి వచ్చును. కొందరు ఇంటిలో భార్యకు కూడ చెప్పక, ఉదయమే బ్యాగు తగిలించుకొని బయలుదేరి సాయంకాలము వరకు పార్కులో కూర్చుండుదురు. ఇంటి వాయిదా, పిల్లల ఫీజు, ఊరిలో అమ్మకు పంపవలసిన డబ్బు, ఈ మూడింటిని ఒంటరిగా మోయుట ఎవరివల్లను కాదు. మొదటి రాత్రియే భార్యాభర్తలు కాగితము తీసికొని ఎన్ని నెలలకు చాలునో లెక్క వ్రాసికొనవలెను. భయము లెక్కలోనికి వచ్చినప్పుడు సగము చిన్నదగును.

రెండవది వయస్సు సంగతి. నలుబది ఐదేండ్లవాడు క్రొత్త పని నేర్చునప్పుడు నేర్పువాడు ఇరువది ఐదేండ్ల కుర్రవాడై యుండవచ్చును. వానిని "మీరు" అనుట, తెలియనిదానిని తెలియదని అడుగుట, వాడు తప్పు చూపినప్పుడు ముఖము ముడుచుకొనకుండుట, కంప్యూటరు నేర్చుటకంటె ఇవే కష్టము. పాత జీతము, పాత హోదా కుర్చీ ప్రక్కన పెట్టుకొని ఇంటర్వ్యూలో కూర్చుండకూడదు. పాత మేనేజరును తిట్టుచు మాట్లాడువానిని వినువాడు, రేపు నన్నును ఇట్లే తిట్టునని తలంచును. తనకు అన్యాయము జరిగినది నిజమే కావచ్చును. అది చెప్పవలసిన చోటు ఇంటర్వ్యూ గది కాదు.

మూడవ సంగతి కొంచెము గట్టిగా వ్రాయవలసియున్నది. లేని అనుభవమును ఉన్నట్లు చూపు కాగితములు బెంగుళూరులోను హైదరాబాదులోను అమ్మబడుచున్నవని మనలో చాలామందికి తెలియును. మూడేండ్ల అనుభవము, జీతపు చీటీలు, రిలీవింగు లెటరు అన్నియు ఒకే చోట దొరకును. "అందరు చేయుచున్నారు గదా అన్నా" అని మన కుర్రవాండ్రు అడుగుచున్నారు. అందరు చేయుట లేదు. నిజముగా మూడేండ్లు పనిచేసినవాని చోటును అబద్ధముతో తీసికొనుట దొంగతనమే. భయపడవలసిన కారణము కూడ ఉన్నది. 2014 నుండి ప్రావిడెంటు ఫండులో ప్రతి ఉద్యోగికి యు.ఏ.ఎన్. అను ఒకే సంఖ్య ఉన్నది. ఏ సంస్థలో ఎప్పుడు చేరెను, ఎప్పుడు విడిచెను అనునది దాని క్రింద కనబడును. చేరిన ఆరు నెలలకు ఆరా తీసి పంపివేసినప్పుడు, అప్పటికే ఊరిలో పెండ్లి నిశ్చయమైయుండును. పెద్దలమైన మనము ఇట్టివారిని మన కంపెనీలో సిఫారసు చేయకూడదు. మన సంఘ కుర్రవాడైనను చేయకూడదు. దానికి బదులు వాని నిజమైన చదువును, నిజముగా చేసిన చిన్న ప్రాజెక్టును చూచి, అతడు ఏ మెట్టుమీద చేరదగునో ఆ మెట్టుకే పేరు ఇయ్యవలెను. ఉద్యోగము ఇప్పించెదమని ముందుగా డబ్బు అడుగువాడు ఎవడైనను, వాడు మన భాషవాడైనను, మన పాటలు పాడువాడైనను, వాని దగ్గర నిలువవద్దు.

డిగ్రీ చదివినవాడు కొంతకాలము కారు నడిపినను, సరుకులు చేరవేసినను అందులో సిగ్గులేదని మనము ప్రసంగములో వినుచునే యున్నాము. పెండ్లి సంబంధము చూచునప్పుడు మాత్రము మరచిపోవుచున్నాము. ఈ మాట తల్లులు తండ్రులు ఇంటిలో మాట్లాడుకొనవలెను. అయితే చేతికి దొరికిన పని చేయుచునే రోజుకు రెండు గంటలు తన అసలు విద్యకు కేటాయించనివాడు, రెండేండ్లకు ఆ విద్యను పోగొట్టుకొనును. అదియు నిజమే.

స్వయముగా విడిచి వెళ్ళువారికి కూడ ఒక మాట. క్రొత్త చోట ఆర్డరు చేతికి రాకముందు రాజీనామా ఇయ్యవద్దు. నోటీసు కాలమును మొదటి నెలవలెనే పనిచేసి, మీ తరువాత వచ్చువానికి అన్నియు అప్పగించి, రిలీవింగు లెటరు తీసికొనుడి. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ సాధారణముగా 5 ఏండ్ల సర్వీసు నిండినచో వచ్చును. ఏటికి 15 రోజుల జీతము లెక్క. కొద్ది నెలలే తక్కువైనప్పుడు తేదీ చూచుకొనుట అత్యాశ కాదు. ప్రావిడెంటు ఫండు డబ్బును ఉద్యోగము మారిన ప్రతిసారి తీసివేయువారు మనలో ఎక్కువమంది. పెన్షను రావలెనన్న 10 ఏండ్ల సర్వీసు కావలెను. తీసివేసినచో లెక్క మరల మొదటినుండి ప్రారంభమగును. క్రొత్త సంస్థకు బదిలీ చేసికొన్నచో పాత ఏండ్లు కలియును. మన సంఘములో ఆఫీసు పని తెలిసిన సహోదరులు, సహోదరీలు ఉన్నారు. కట్టడపు పనికిని సెక్యూరిటీ పనికిని వచ్చిన మనవారిలో తమ యు.ఏ.ఎన్. సంఖ్య ఏదో తెలియనివారు చాలామంది. ఆరాధన ముగిసిన తరువాత ఒక అరగంట వారి ప్రక్కన కూర్చుండి, ఆధారు పేరును ఫండులోని పేరును ఒకటిగా ఉన్నవో లేదో వారి ఫోనులోనే చూచి చెప్పుడి.