పంచాయతీలకు ఉమ్మడి క్యాలెండరు

నిజామాబాదు జిల్లాలో తేదీ విలువ తెలియని రైతు లేడు. 1931లో పూర్తియైన నిజాంసాగర్ కాలువల క్రింద వంతు నీరు వచ్చు దినమును మరచినచో పైరు ఎండును. బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర కర్మాగారము 2015లో మూతపడక పూర్వము, నరికిన చెరకు సకాలములో గేటు చేరనిచో బరువు, తీపి రెండును తగ్గెడివి.

గ్రామపాలనకును ఇదే సూత్రము వర్తించును. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము పంచాయతీ సమావేశము నెలకొకసారి, గ్రామసభ రెండు నెలలకొకసారియైనను జరుగవలెను. ఒక తేదీ మారినపుడు కొందరికి క్రొత్త కబురు అంది, కొందరివద్ద పాత కబురే మిగిలినచో, కూలి మానుకొని వచ్చిన మనిషి తాళము వేసిన కార్యాలయమును చూచి మరలవలసి వచ్చును. అట్టివాడు మరల సభకు వచ్చునా?

ఈ చిక్కును తీర్చుటకు ఇంటర్నెట్‌లో ఉమ్మడి క్యాలెండరు ఉపకరించును. పంచాయతీ కార్యదర్శి తేదీలను ఒకేచోట వ్రాయును. తక్కినవారు తమ కంప్యూటరులోని ఈ-మెయిల్ సాఫ్ట్‌వేరునందు దానికి చందాదారులగుదురు. దీనికి రుసుము లేదు. 1998లో ఏర్పడిన ఐక్యాలెండర్ అను ఉమ్మడి పద్ధతి వలన వేర్వేరు సాఫ్ట్‌వేరులు ఒకే క్యాలెండరును చదువగలవు.

చేరు విధానము సులభము. కార్యదర్శి ఇచ్చిన క్యాలెండరు చిరునామాను కాపీ చేసికొనవలెను. అది సాధారణముగా ‘ఐసీఎస్’ అను అక్షరములతో ముగియును. థండర్‌బర్డ్‌లో ‘న్యూ క్యాలెండర్’, పిదప ‘ఆన్ ది నెట్‌వర్క్’ ఎంచి, ఆ చిరునామాను అతికింపవలెను. ఔట్‌లుక్‌లో క్యాలెండరు విభాగమునకు పోయి ‘యాడ్ క్యాలెండర్’ క్రింద ఇంటర్నెట్‌నుండి చేర్చు మార్గమును ఎంచవలెను.

ఇచ్చట ఒక భేదమును గ్రహింపవలెను. ‘ఇంపోర్ట్’ చేసినచో ఆనాటి తేదీల నకలు మాత్రమే వచ్చును. చావడి గోడమీది నోటీసును కాగితముపై వ్రాసికొని ఇంటికి పోవుట వంటిది అది. గోడమీద తేదీ మారినను కాగితము మారదు. ‘సబ్‌స్క్రైబ్’ చేసినచో సాఫ్ట్‌వేరు తానే మాటిమాటికి గోడవద్దకు పోయి చూచి వచ్చును. కావున చందాయే మేలు.

మరికొన్ని జాగ్రత్తలు అవసరము. చందాదారుడు చదువగలడే గాని మార్చజాలడు. మార్పు కార్యదర్శియే చేయవలెను. తేదీ మారినపుడు పాత నమోదునే దిద్దవలెను. క్రొత్తది వేరుగా వ్రాసినచో రెండును కనబడి గందరగోళమగును. మార్పు తక్షణమే అందరికి చేరదు, కొన్ని గంటలు పట్టవచ్చును. అందుచేత అత్యవసర మార్పులకు ఫోను, దండోరా ఉండనే ఉండవలెను. కంప్యూటరు లేని ఇండ్లకును దండోరాయే దిక్కు.

చిరునామా తెలిసిన ప్రతివాడును ఆ క్యాలెండరును చదువగలడు. కావున పింఛనుదారుల పేర్లు, ఫోను నంబర్లు, ఆధార్ సంఖ్యలు అందులో వ్రాయరాదు.

రానున్న గ్రామసభ తేదీతోనే ఈ పని ఆరంభింపవలసినదిగా సభ్యులకు మా విజ్ఞప్తి. మొదట సర్పంచి, కార్యదర్శి కంప్యూటరులలో చేర్చి, ఒక తేదీని దిద్ది, అది రెండుచోట్లను మారినదో లేదో సరిచూచిన పిమ్మటనే తక్కిన వార్డు సభ్యులకు చిరునామా ఇచ్చుట మంచిది.