జూన్ ఫీజు కట్టే ముందు

మన అనంతపురం జిల్లాలో జూన్ వచ్చిందంటే ఒక్క జేబుకు రెండు ఖర్చులు. ఊళ్లో విత్తనం కాయలు కొనాలి, టౌన్లో పిల్లల ఫీజు కట్టాలి. పాపంపేట, రుద్రంపేట, కక్కలపల్లి కాలనీల్లో బాడుగకు దిగిన కుటుంబాల్లో పిల్లల చదువు కోసమే పల్లె వదిలినవాళ్లు ఉన్నారు. వాన నమ్మి శెనక్కాయ వేసేదానికన్నా పిల్లల మీద పెట్టేదే నిలుస్తుందని వాళ్ల లెక్క. అందులో తప్పేమీ లేదు. అప్పు చేసి ఫీజు కట్టే ముందు మాత్రం వీధి చివరి గవర్నమెంటు బడికి ఒకసారి వెళ్లి రండి.

వెళ్లి గోడలు చూసి మురిసిపోకండి. 2019లో మొదలైన నాడు-నేడు పథకంతో చాలా బళ్లకు రంగులు, బెంచీలు, మరుగుదొడ్లు వచ్చాయి, మంచిదే. ఏప్రిల్‌లో కూడా ఆ మరుగుదొడ్ల కుళాయిలో నీళ్లు వస్తాయా అని అడగండి. ఆడపిల్లలున్న ఇంట్లో ఈ ప్రశ్న ఎందుకో చెప్పనక్కర్లేదు. టీచర్లు ఎందరో కూడా చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరుండాలి. ఐదు తరగతులకూ ఒక్కరే అయితే, ఆ ఒక్కరు ఎంత మంచివారైనా మీరు వెనకాడటం న్యాయమే.

అన్నిటికన్నా ముఖ్యం నోటు పుస్తకం. నాలుగో తరగతి పిల్లాణ్ని 402లోంచి 157 తీసేయమనండి. 355 అని వేశాడంటే వాడికి అరువు తెచ్చుకోవడం రాలేదు, ఒక్కో స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తూ పోయాడు. పుస్తకంలో అలాంటి లెక్కకు ఎర్ర ఇంకు టిక్కు ఉంటే టీచరు చూడలేదన్నమాట. కొట్టేసి, పక్కనే మళ్లీ చేయించి ఉంటే అక్కడ చదువు జరుగుతోంది. టై కట్టుకుని బస్సెక్కే పిల్లలకూ ఇదే లెక్క ఇచ్చి చూడండి. పసుపు బస్సు చూసి చదువును నమ్మేస్తాం మనం, ఏం చేస్తాం!

టీచరును నిలదీయొద్దు. ‘సార్, మావాడు ఎక్కడ ఆగిపోతున్నాడు?’ అని అడగండి. ‘బాగానే చదువుతాడమ్మా’ అంటే అది జవాబు కాదు, ఇంకోసారి నెమ్మదిగా అడగండి.

బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. నాయన బెంగళూరు పనికి పోయినా అమ్మ కూర్చోవచ్చు. కమిటీ తీర్మానాల పుస్తకం సంతకానికి ఇంటికే పంపితే మాత్రం చదవకుండా పెట్టొద్దు.

ఏడో తరగతి కాగానే ప్రైవేటుకు మార్చాలనుకునేవాళ్లకు ఇంకో మాట. ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష గవర్నమెంటు, ఎయిడెడ్ బళ్లలో ఎనిమిది చదివేవాళ్లకే. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికై, అలాంటి బడిలోనే కొనసాగితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. దరఖాస్తు సంగతి ఎనిమిదో తరగతి మొదట్లోనే హెడ్‌మాస్టరును అడిగి పెట్టుకోండి.