పసివారి దుఃఖము

ఇంట మరణము సంభవించినప్పుడు పెద్దలు మొదట చేయు పని పసివారిని పొరుగింటికి పంపుట. "తాతయ్య ఏడీ?" అని నాలుగేండ్ల బిడ్డ అడిగినచో "ఊరికి వెళ్ళినాడు" అని సమాధానము వచ్చును. ఇది ప్రేమతో ఆడిన అబద్ధమే. కాని ఊరికి వెళ్ళినవారు తిరిగి వత్తురని బిడ్డకు తెలియును. బండి చప్పుడైనప్పుడెల్ల వీధి గుమ్మము చేరును. కొన్నాళ్ళకు అడుగుట మానును. "మరచినాడు" అని పెద్దలు ఊపిరి పీల్చుకొందురు. బిడ్డ మరచుటలేదు; అడిగి ప్రయోజనము లేదని మాత్రము నేర్చుకొనును.

పసివారి శోకము పెద్దల శోకమువలె ఏకధారగా సాగదు. ఇప్పుడు ఏడ్చిన బిడ్డ గడియలో ఆటకు పరుగెత్తును, రాత్రి పక్క తడుపును, కడుపునొప్పి యనును, కారణము లేకుండ తమ్ముని కొట్టును. మాటలు చాలని వయస్సున దుఃఖము ఇట్లే బయటపడును.

హంగెరీ దేశపు పరిశోధకురాలు మారియా నాగీ మూడు మొదలు పదియేండ్ల వరకు గల బాలబాలికలను పరిశీలించి 1948లో ఒక వ్యాసము ప్రకటించెను. అయిదేండ్లలోపు వారు మరణమును ఒక ప్రయాణముగనో, నిద్రగనో భావింతురనియు, అది ఎవ్వరికిని తప్పనిదని తెలియుటకు సుమారు తొమ్మిదేండ్లు రావలెననియు ఆమె కనుగొనెను. తరువాతివారు ఈ వయస్సుల లెక్కను కొంత సవరించిరి. పసివారు విన్నమాటను విన్నట్లే గ్రహింతురనుట మాత్రము ప్రతియింటను కనబడును. "నిద్రపోయినాడు" అని విన్న బిడ్డ ఆ రాత్రి కన్ను మూయుటకు వెఱచును. "దేవుడు తీసికొనిపోయెను" అనుమాట భక్తిగల ఇండ్లలో ముందుగా నోటికి వచ్చును. పెద్దలకు ఊరటనిచ్చు ఈ మాటయే పసివానికి దేవుని దొంగగా చూపవచ్చును. "తాతయ్య చనిపోయినాడు. ఆయన దేహము ఇక ఊపిరి తీయదు. ఆయనకు ఆకలి లేదు, నొప్పి లేదు. తిరిగి రాడు" అని చెప్పుట మేలు. ఆత్మను గూర్చిన మాట దాని తరువాత చెప్పవచ్చును. "నేను అల్లరి చేసినందుననే పోయినాడా?" అను శంక చాలమంది పిల్లలలో దాగియుండును. అది నీ వలన కాదని, అడుగకమునుపే చెప్పవలెను.

నిజముగ ఊరికి వెళ్ళి తిరిగిరాని తండ్రిగల బాలుని కథయొకటి కలదు. 1843లో దుర్గాపూజకై మేనల్లుని ఇంటికి సేలంపూరు వెళ్ళిన క్షుదీరాముడు విజయదశమినాడు అచ్చటనే దేహము చాలించెను. కామార్పుకూరులో నున్న గదాధరునకు, పిమ్మట లోకము శ్రీరామకృష్ణులుగ నెఱిగినవానికి, అప్పుడు ఏడేండ్లు. పైకి ఆతడు మునుపటివలెనే యుండెను. కాని శ్మశానమునందును, మామిడితోపునందును ఒంటరిగ తిరుగుచుండుట కొందఱు చూచిరి. తల్లి చంద్రమణి ఇయ్యలేక బాధపడునని గ్రహించి ఏదియు కావలెనని మారాము చేయుట మానెను. ఎక్కువకాలము ఆమె చెంతనే యుండి ఇంటిపనులలో, దేవతార్చనలో చేయి కలుపుచుండెను.

ఈ ఘట్టమును భక్తులు బాలవైరాగ్యముగ చదువుదురు. అది సరియే. ఐనను తండ్రిని పోగొట్టుకొన్న ఏడేండ్ల బాలుడు కూడ ఇందున్నాడు. అల్లరి చేయు బిడ్డ దుఃఖము త్వరగా కంటబడును. హఠాత్తుగ బుద్ధిమంతుడైన బిడ్డ దుఃఖమును ఎవ్వరును చూడరు. పైగా "ఎంత పెద్దవాడైనాడు!" అని మెచ్చుకొందురు. గదాధరునకు తల్లి చెంత చేయుటకు చిన్న పనులుండినవి. ఊరి సత్రమున దిగు సాధువులకు నీళ్ళు, కట్టెలు తెచ్చియిచ్చు అవకాశముండెను. శోకములోనున్న పసివానికి ఇంతటి ఆసరా వేరొకటి దొరకుట అరుదు.

మరణము లేని దుఃఖములును కలవు. భాగవత చతుర్థస్కంధమున ధ్రువుడు తండ్రి తొడనెక్కబోగా సవతితల్లి సురుచి పరుషముగ పలికి అడ్డగించెను, తండ్రి మిన్నకుండెను. అయిదారేండ్ల ఆ బాలుడు ఏడ్చుచు సునీతి కడకు వచ్చెను. ఆమె చేసినది గమనింపదగినది. "ఊరకుండుము, ఇది యేమంత?" అనలేదు. బిడ్డను ఒడిలోనికి తీసికొని, జరిగినది విని, తానును కంట నీరు పెట్టెను. ఇతరులకు కీడు తలపవలదని చెప్పి, అటుపిమ్మటనే హరిని ఆశ్రయింపుమనెను. తెలుగు ఇండ్లలో ధ్రువుని తపస్సు చెప్పినంతగా సునీతి ఒడిని చెప్పరు.

ఇంటివారు బిడ్డ ఎదుట ఏడ్చుట తప్పు కాదు. "అమ్మకు దుఃఖముగ నున్నది, కొంతసేపటికి తేరుకొందును, నీకు అన్నము నేనే పెట్టుదును" అన్నచో బిడ్డ భయము తగ్గును. "మగపిల్లవాడవు, ఏడ్వరాదు" అనుట మాత్రము మానవలెను. పటమునకు పూవు పెట్టుట, దీపపు వత్తి చేయుట వంటివి కోరిన బిడ్డకు ఇయ్యవచ్చును. వెఱచినవానిని శవము కడకు లాగరాదు. నిద్ర, భోజనము, బడి వేళలు వీలైనంత మారకుండవలెను. వారములు గడచినను బిడ్డ ఆడక, తినక, నిద్రపోక యున్నచో వైద్యుని కడకు తీసికొనిపోవలెను. దీనిని దిష్టిగ తలచి కాలము గడుపరాదు.

చెప్పినదంతయు ఒక్కసారికే ముగియదు. ఆఱు నెలల పిమ్మట, అన్నము తినుచు తినుచు, "తాతయ్య పండుగకు వచ్చునా?" అని అదే బిడ్డ మరల అడుగును. "రాడు నాయనా" అని అదే మాట మరల చెప్పి, తాతయ్య పండుగనాడు ఏమి చేయుచుండెడివాడో బిడ్డచేతనే చెప్పించుకొనవలెను.