యంత్రమునకు నాడీపరీక్ష

మంజీర నదిపై 1923 మొదలు 1931 వరకు నిజాంసాగరము నిర్మింపబడెను. ఆ నీటితో బోధను ప్రాంతమున చెఱకు విరివిగా పండెను. 1937లో శక్కర్‌నగరమున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. అది 2015 డిసెంబరులో మూతపడినది. చక్కెర కర్మాగారములందు చెఱకును ఆడించి ఊరకుండరు. రసమును ప్రయోగశాలలో పరీక్షించి, అందు చక్కెర పాలెంతయో తెలిసికొందురు. ఎంతటి యంత్రమునకైనను చిన్న పరీక్షయే దారి చూపును. కంప్యూటరు విషయమునను ఇంతే.

నేడు ఆ సీమలో రైతు పొలము కాగితముల నకళ్లు, విద్యార్థి వ్యాసములు, కుటుంబపు ఛాయాచిత్రములు కంప్యూటరులోనే దాచుకొనుచున్నారు. ఒకనాడు అది మొరాయించెననుకొందము. తొందరపడి లోనిదంతయు చెఱిపి క్రొత్తగా అమర్చినచో యంత్రము నడచునేమో గాని, దాచిన సొత్తు పోవును. రోగమెఱుగక మందిచ్చుట ప్రమాదము గదా!

ఇచట మూలపడిన పాత పెన్ డ్రైవు అక్కఱకు వచ్చును. 4 గిగాబైట్లది చాలును. దానిని బాగుగా పనిచేయు వేఱొక కంప్యూటరునకు తగిలించి, అందలి ఫైళ్లను ముందుగా మఱియొకచోట భద్రపఱుపవలెను. పిదప అవి చెఱిగిపోవును. సిస్టమ్‌రెస్క్యూ అను ఉచిత లినక్సు వ్యవస్థను దింపుకొని, తగిన సాధనముతో డ్రైవుపై వ్రాయవలెను. ఫైలును ఊరక నకలు చేసిన చాలదు. వ్రాయునపుడు పొరపాటున వేఱొక డిస్కును ఎంచుకొనినచో అందలి సమస్తము నశించును. కావున డ్రైవు పేరును, పరిమాణమును రెండుమాఱులు చూచుకొనవలెను.

కంప్యూటరు మేల్కొనునపుడు సాధారణముగా హార్డ్ డిస్కులోని నిర్వహణ వ్యవస్థను వెదకును. బూట్ మెనూలో పెన్ డ్రైవును ఎంచుకొనినచో, డ్రైవులోని వ్యవస్థతోనే మేల్కొనును. అట్లు చక్కగా నడచినచో, దోషము డిస్కునందో, అందలి వ్యవస్థయందో ఉండవచ్చునని ఊహింపవచ్చును. అప్పుడును ఆగిపోయినచో ర్యామ్, విద్యుత్తు సరఫరా మున్నగువానిని అనుమానింపవలెను.

ఊహతో ఆగరాదు. ఆ డ్రైవులోనే ఉండు మెమ్‌టెస్ట్ అను సాధనము ర్యామ్‌లోని గదులందు కొన్ని గుర్తులు వ్రాసి, మరల చదివి, భేదమున్నచో తెలుపును. డిస్కు తన ఆరోగ్యమును గూర్చి తానే ‘స్మార్ట్’ అను లెక్క వ్రాసికొనును. అందు చెడిన భాగముల సంఖ్య పెరుగుచున్నచో ఆలస్యము కూడదు. ముందు ఫైళ్లను వేఱొక డిస్కునకు చేర్చి, పిదపనే మరమ్మతునకు పూనుకొనవలెను. డిస్కు శబ్దము చేయుచున్నను, బొత్తిగా కనబడకున్నను, మాటిమాటికి ప్రయత్నింపక నిపుణునకు అప్పగించుట మేలు.

పాత పెన్ డ్రైవు చెడిన భాగమును బాగుచేయజాలదు. చెడినదేదో చూపును, దాచినదానిని కాపాడు వ్యవధినిచ్చును. నిదానము ముందు, రక్షణ తరువాత, చికిత్స పిదప: ఈ వరుస తప్పనివానికి సొత్తు దక్కును.