పుల్లని నేలలో వేరు పడు పాట్లు

చదువరులారా, రెండు ఉల్లిగడ్డలను దెచ్చి, అడుగుభాగము మాత్రము తడియునట్లు రెండు గాజుపాత్రలమీద నుంచుడు. ఒకదానిలో వట్టి వాననీరును, రెండవదానిలో చిటికెడు పటిక కరగించిన వాననీరును బోయుడు. కొలది దినములలో మొదటిదానికి తెల్లని పొడవైన వేళ్లు దిగును. రెండవదాని వేళ్లు పొట్టివై మొద్దుబారి యుండును. పటికలోని అల్యూమినియమే దీనికి ముఖ్యకారణము.

భూమి పైపొరలో నూటికి సుమారు 8 పాళ్లు ఈ లోహమే. ఖనిజములలో బంధింపబడియున్నంతవఱకు దీనివలన పైరునకు కీడు లేదు. సున్నపుపాలు గల నల్లరేగడిని దున్నువారు దీని బాధ నెఱుగరు. కాని కేరళమునందును, అస్సామునందును, బ్రెజిలు దేశపు సెరాడో మైదానములందును అధికవర్షములచే క్షారపదార్థములు కొట్టుకొనిపోయి నేల పుల్లనైనది. ఉదజని సూచిక 5కు దిగువ నున్నచో అల్యూమినియము కరగి నీటితో గలియును. అది తాకిన కొలది గంటలలోనే వేరుకొన పెరుగుట తగ్గును. లోతున తేమ యున్నను వేరు అందుకొనజాలక పైరు వాడిపోవును. చూచువారు వానలేమి యనుకొందురు.

పశువైనచో పాఱిపోవును. మొక్క కట్లు గాదు. అది తనలో తాను కబురులు నడుపుకొనవలయును. అత్యల్పమాత్రముననే యీ పని నెఱవేర్చు పదార్థములకు హార్మోనులని పేరు. అల్యూమినియము తగులగానే వేరులో ఎథిలీను పుట్టును. అరటిగెలను మాగించు వాయువే యిది! దాని ప్రేరణచే ఆక్సిను అను మఱియొక హార్మోను వేరుకొనకు కొంచెము వెనుక గుమిగూడి పెరుగుదలను నిలుపును. 1928లో హాలండు దేశీయుడగు ఫ్రిట్స్ వెంటు ఓటుమొలకల పరిశోధనలో వివరించినది యీ ఆక్సిను గుణమునే. మొలకను పెంచునదే వేరు నాపుట వింతగదా!

అంతటితో వేరు ఊరకుండదు. సోయాచిక్కుడు వేళ్లలో అబ్సిసిక్ ఆమ్లమను హార్మోను హెచ్చి, నిమ్మపండులోని సిట్రిక్ ఆమ్లమును వెలికి స్రవింపజేయును. ఆ యామ్లము అల్యూమినియమును గట్టిగా బట్టుకొని విషమును హరించును. పులుపువలన వచ్చిన కీడును మఱియొక పులుపే మాన్పుచున్నది. గోధుమవేరు మాలిక్ ఆమ్లముతో నిదే పని చేయును. దానికి ద్వారమైన జన్యువును 2004లో జపాను, ఆస్ట్రేలియా దేశముల శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

నేలకు సున్నము చల్లుట పూర్వపు చికిత్సయే, మంచిదే. కాని చల్లిన సున్నము పైమంటిలోనే నిలిచి అడుగుమంటికి మిక్కిలి మెల్లగా దిగును. బీదరైతునకు బండ్లకొలది సున్నము కొనుటయు దుర్లభము. కావున ఆ లోతులలో వేరు తన్ను తాను కాచుకొనగల వంగడములకై వెదకుచున్నారు.